ఎదురొచ్చే విభాగం

దేశం మొత్తానికి పెద్దదైన ఆ అంతర్జాతీయ విమానాశ్రయంలో అన్నీ ఉన్నాయి గాని శకునం లేదన్న సంగతి ఆ ఏడాదే బయటపడింది.

కాళ్లు నొక్కే కుర్చీలున్నాయి. కాళ్లు కొరికే చేపల తొట్లున్నాయి. పిల్లలకి జారుడుబల్ల, పెద్దలకి ధ్యానం గది, పొగ తాగేవాళ్లకి అద్దాల పెట్టె, విమానమెక్కే కుక్కలకి చిన్న పచ్చికబయలు, ఏ లోటూ లేదు. అయినా విమానాశ్రయాలకు మార్కులు వేసే సంస్థవాళ్లు వచ్చి చూసి, బయలుదేరేవాళ్ల మొహాల్లో దిగులు కనబడుతోందని రాసి మార్కులు కోసేశారు. వెంటనే ఒక కమిటీ పడింది. కమిటీ కుటుంబాలతో సహా అరడజను దేశాలు తిరిగి, అక్కడి విమానాశ్రయాల్లో దిగులును దగ్గరుండి పరిశీలించి వచ్చింది. మనవాళ్ల దిగులుకి అసలు కారణం మంచి శకునం చూసుకోకుండా బయల్దేరడమేనని తేల్చింది. అలా పుట్టింది శుభప్రయాణ సేవల విభాగం.

ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు తునిలో వీరవేణి తెరకే దండం పెట్టింది. ఇన్నాళ్లకి ప్రభుత్వంలో తనలాంటి మనిషి ఒకరు చేరారని ఆమెకు అనిపించింది.

వీరవేణి ఏడో తరగతి దాకా చదివింది. చదువు అక్కడే ఆగినా భయం మాత్రం పై తరగతులకు వెళ్తూనే ఉంది. గ్యాసు పొయ్యి కట్టేశాక మళ్లీ లేచి చూసేది. కూతురు లోవకుమారి ఫోను ఎత్తడం ఆలస్యమైతే ఆసుపత్రి మంచం దాకా ఊహించేసేది. ఆ లోవ ఇప్పుడు నర్సు. రాత్రిళ్లు కూర్చుని జర్మన్ భాష నేర్చుకుని, అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం పొద్దున డ్యూటీలో చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం వరసలో వెనకున్న అమ్మాయికి పోతుంది. శనివారం విమానం తప్పితే మళ్లీ అటు వెళ్లేది మంగళవారమే.

భర్త పోయిన దగ్గర్నుంచి వీరవేణి, బయటికెళ్లే కూతురికి ఏనాడూ ఎదురుపడలేదు. పదో తరగతి పరీక్షకెళ్లినా, నర్సింగ్ సీటుకెళ్లినా, ఆఖరికి పుచ్చిపన్ను పీకించుకోడానికెళ్లినా సరే, పెరటి తలుపు వెనక్కి తప్పుకునేది. పక్కింటి సత్యవతిని ముందే బతిమాలుకుని ఆమెను ఎదురు రమ్మనేది. తాను తలుపు సందులోంచి చూసేది. సందులోంచి ఎప్పుడూ కూతురి వీపే కనబడేది.

“నువ్వొస్తే ఏమవుద్దమ్మా?” అని లోవ అడిగితే, “ఏమవుద్దో నాకు తెలుసు. నువ్వు నడు” అనేది.

అందుకే విమానాశ్రయం దాకా వచ్చి సాగనంపమని లోవ పట్టుబట్టినప్పుడు ఆమె మామూలుగా అయితే ఒప్పుకునేది కాదు. ఎదురొచ్చే ఏర్పాటు విభాగమే చూసుకుంటుందని తెలిసి ఒప్పుకుంది.

గుమ్మంలోనే ఆమెకు మనసు నిండిపోయింది. ఒకప్పుడు ‘బయలుదేరు ద్వారం’ అని ఉన్నచోట ఇప్పుడు ‘వెళ్లొచ్చేవారు’ అని పెద్ద బోర్డు. కాపలా మనిషి లోవ పాస్‌పోర్టు తిరగేసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎందాకా తల్లీ?”

“ఫ్రాంక్‌ఫర్ట్ అండి.”

“అంత వివరం వద్దు. దూరమా, దగ్గరా?”

“దూరం.”

“చాలు. నడవండి.”

“చూశావా, ఎక్కడికీ అని అడగలేదు” అంది వీరవేణి సంతోషంగా. “ఇలాంటోళ్లు మన బస్టాండులో ఒక్కడుంటే ఎంత బాగుండును.”

సామాను తీసుకునే చోట ఆ సంతోషం కొంచెం కదిలింది. అక్కడా ఊరి పేరు అడగకూడదట. కౌంటర్లో కుర్రవాడు లోవ ఉన్ని కోటు వైపు చూశాడు.

“చలి దేశమేనా?”

“చలే. కాని చలి దేశాలు చాలా ఉన్నాయండి” అంది లోవ.

“ఉన్నాయి. అందుకే చలిపెట్టెలన్నీ ఒక పక్కన పెడుతున్నాం. విమానం వాళ్లు వచ్చి తమ చలికి తగ్గవి ఏరుకుంటారు.”

వీరవేణి పెట్టెని రెండు చేతుల్తో పట్టుకుంది. అందులో గోంగూర పచ్చడి సీసాలున్నాయని, అవి పగిలితే పిల్ల బట్టలన్నీ పాడైపోతాయని, పాడైపోయిన బట్టల్తో డ్యూటీకెళ్తే అక్కడివాళ్లు ఏమనుకుంటారని ఒక్క గుక్కలో చెప్పింది. కుర్రవాడు పెట్టెకి గుండ్రటి ఎర్ర స్టిక్కరొకటి అంటించాడు. దానిమీద తెల్లటి అక్షరాలతో ‘పగిలే సామాను, మెల్లగా దించండి’ అని ఉంది.

“ఇంకోటియ్యి బాబూ.”

“ఒకటి చాలండి.”

“ఊడిపోతేనో?”

అతను ఇంకోటిచ్చాడు. వీరవేణి దాన్ని చేతిసంచిలో దాచింది. ఊడిపోయేటప్పటికి పెట్టె విమానంలో ఉంటుందని, స్టిక్కరు తుని వెళ్లే బస్సులో ఉంటుందని లోవ చెప్పబోయి మానుకుంది.

ఈలోగా మైకులో ఆడగొంతు వినబడింది. లోవ ఎక్కవలసిన విమానం తెల్లవారుజామునే వెళ్లిపోయిందని సంతోషంగా ప్రకటించింది.

లోవ మొహం పాలిపోయింది. వీరవేణి అక్కడే నేలమీద చతికిలబడింది. నీలం కోటు వేసుకుని, జేబుకి ఇత్తడి బిళ్ల తగిలించుకున్న ఒకాయన దగ్గరికొచ్చాడు. ఆయన పేరు చిత్తరంజన్. హోదా, ప్రధాన శకునాధికారి.

“ఆందోళనకు తావు లేదమ్మా. విమానం ఇక్కడే ఉంది.”

“వెళ్లిపోయిందన్నారు కదండీ” అంది లోవ.

“రికార్డు ప్రకారం వెళ్లింది. ఈ రోజు మధ్యాహ్నం ముహూర్తం బాగాలేనందున, తెల్లవారుజాము శుభఘడియలో సదరు విమానాన్ని నాలుగు బారలు ముందుకు జరిపి, పక్క టెర్మినల్ వారి ఆవరణలో నిలిపియున్నాము.”

వీరవేణికి ప్రాణం లేచొచ్చింది. “ప్రస్థానం పెట్టారన్నమాట. మా అత్తగారూ అంతే. మంచి ఘడియలో చేతిసంచి పక్కింట్లో పెట్టొచ్చేది. తర్వాత ఎప్పుడు బయల్దేరినా పర్లేదు.”

“కరెక్టుగా గ్రహించారు. ఈ విధానం ప్రవేశపెట్టిన నాటినుండి మన విమానాలలో ఒక్కటి కూడా ఆలస్యముగా బయలుదేరియుండలేదు.”

“మరి ఎప్పుడు చేరతాయండీ?” అని లోవ అడిగింది.

“చేరుట మా విభాగము పరిధిలోకి రాదు” అన్నాడాయన.

అక్కణ్ణుంచి శకున మండపానికి వెళ్లాలి. అది పెళ్లిమంటపమంత హాలు. నడిమధ్య ఒక ఇనప కమాను. ప్రయాణికుడు ఇటునుంచి నడుస్తాడు, విభాగం వారి ముత్తయిదువ అటునుంచి ఎదురొస్తుంది. ఇద్దరూ కమాను కిందికి రాగానే పైనున్న కెమెరా ఆవిడ నుదురు చూస్తుంది. పచ్చదీపం వెలిగి సన్నాయి మోగితే, అవతల తనిఖీ గేటు తెరుచుకుంటుంది. కెమెరా తేల్చిందాన్ని మార్చడానికి మనిషికి అధికారం లేదు. మనుషులైతే పక్షపాతం చూపిస్తారట.

లోవ వరసలో నిలబడిందో లేదో ఎవరో తుమ్మారు.

సైరన్ కూసింది. హాలు హాలంతా ఎక్కడివాళ్లక్కడ కూర్చుని మంచినీళ్లు తాగారు. ఒక్క తుమ్ము అపశకునం, రెండైతే మంచిదని అందరికీ తెలిసిందే కాబట్టి, విభాగం రెండో తుమ్ము సేవ కూడా పెట్టింది. పట్టుచీరల అమ్మాయిలు వెండి పళ్లాల్లో ముక్కుపొడి పట్టుకుని తుమ్మినాయన దగ్గరికి పరిగెత్తారు. ఆయన చిటికెడు పీల్చి రెండోసారి తుమ్మాడు. అంతా లేచారు. ముక్కుపొడి ఘాటుకి ఆయన మూడోసారీ తుమ్మాడు. అంతా కూర్చున్నారు. మళ్లీ పళ్లెం వచ్చింది. ఫ్యాను గాలికి ఆ పొడి ఎగిరి పక్క వరసలో పడింది. అక్కడ ఒక తెల్లాయన, ఆయన పెళ్లాం, వాళ్ల చంటిపిల్లా కలిసి తుమ్మారు. అవి మూడు ఒంటి తుమ్ములా, లేక ఒక జంటా ఒక ఒంటిదా అన్నది తేలక చిత్తరంజన్ గారు పైకి ఫోన్ చేశారు. ఈలోగా జనం సగం లేచి సగం కూర్చుని, గోడకుర్చీ వేసిన బడిపిల్లల్లా ఉన్నారు.

“పోనీలే, జాగ్రత్తే కదా” అంది వీరవేణి. కాని గోడ గడియారం వైపు చూసింది.

అలా చూస్తుండగానే ఆమె చిత్తరంజన్ గారి కంటపడింది. ఆయన ఆమె నుదురు చూసి, మెడ చూసి, గొంతులో తేనె పోసుకున్నాడు.

“అమ్మగారు దయచేసి ప్రశాంత వీక్షణ మందిరములో విశ్రమించవలెను. తమవంటి వారి సౌకర్యార్థమే ప్రత్యేకముగా నిర్మించియున్నాము. కాఫీ ఉచితము.”

“తమవంటి వారంటే?” అంది లోవ.

“ఊరుకోవే. ఆయన చెప్పింది నిజవే కదా” అని వీరవేణి తలొంచుకుని వెళ్లిపోయింది. పెరటి తలుపు వెనక్కి వెళ్లడం ఆమెకు కొత్త కాదు. ఈ పెరటికి ఏసీ ఉంది, అంతే.

ఆ మందిరం గోడలు అద్దాలు. లోపల్నుంచి హాలు కనబడుతుంది, బయటివాళ్లకి లోపలి వాళ్లు కనబడరు. మెత్తటి సోఫాలు, పూలకుండీలు. విమానాశ్రయం మొత్తంలో అంత సుఖమైన చోటు ఇంకోటి లేదు. తలుపుకి గడియ మాత్రం లేదు. ఎదురు రాకూడనివాళ్లు తమంతట తామే రారని విభాగానికి నమ్మకం.

ఒక మూల అద్దాల పెట్టెలో నల్లపిల్లి నిద్రపోతోంది. దాని మెడలో విభాగం వారి గుర్తింపు కార్డుంది. కిటికీ పక్కన ఒక పురోహితుడు గారు పంచె సర్దుకుంటూ కూర్చున్నారు.

“మీకేమైందండీ?” అని వీరవేణి అడిగింది.

“ఒంటిగా వచ్చానమ్మా. ఒంటి బ్రాహ్మడు ఎదురైతే మంచిది కాదుట. ఇంకొకరెవరైనా వస్తే ఇద్దరం అవుతాం, అప్పుడు మేం శుభం. ఇద్దర్నీ వదిలేస్తామన్నారు. పొద్దుట్నుంచీ చూస్తున్నాను.”

ఆయనకి పక్కగా తెల్లచొక్కా, భుజాన బంగారు పట్టీలు వేసుకున్న ఒకావిడ కాఫీ తాగుతోంది. తలలో నెరుపు, చేతికి పెద్ద గడియారం. పేరు కెప్టెన్ సుభాషిణి. పలకరించగా పలకరించగా తెలిసిందేమిటంటే, లోవ ఎక్కవలసిన విమానం నడిపేది ఆవిడే.

వీరవేణి ఆవిడ వైపు జరిగింది. “మరి మీరు ఇక్కడ…”

“మా ఆయన పోయాడండి. నా వివరాల్లో ఉంది. నేను ప్రయాణికులకి ఎదురు రాకూడదట.”

“మీరు లేకుండా విమానం ఎలా వెళ్లుద్ది?”

“అదే అడిగాను. వెళ్లని విమానానికి ప్రమాదం జరగదు, భద్రతలో మొదటి స్థానానికి దగ్గర్లో ఉన్నాం, పాడుచెయ్యొద్దన్నారు.”

వీరవేణి ఆవిణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. విమానం కదలకపోతే కూతురి ఉద్యోగం పోతుంది. కదిలితే తనలాంటి మనిషి చేతిలో కదులుతుంది. ఆమె భయాలన్నీ ఎప్పుడూ ఒకే వరసలో బుద్ధిగా నిలబడేవి. ఇప్పుడు ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి.

“మీకు భయం వెయ్యదా అమ్మా?”

“ఎందుకెయ్యదు. ఉరుములంటే భయం. రెక్కల్లో దూరే పక్షులంటే భయం.”

“నాకూ అంతే” అంది వీరవేణి, చుట్టం దొరికినట్టు.

“మా ఆయన లేడు కాబట్టి విమానం పడిపోద్దని మాత్రం ఎప్పుడూ అనుకోలేదండి. ఆయన ఉన్నప్పుడూ నడిపాను, పోయాకా నడుపుతున్నాను. దిగినవాళ్లందరూ సామాను దించుకుని, నావైపు చూడనైనా చూడకుండా ఇళ్లకి పోతున్నారు. ఇంక శకునం మాట ఎవరడుగుతారు?”

వీరవేణి అద్దంలోంచి కూతుర్ని చూసింది. తుమ్ముల లెక్క పైవాళ్లు ఎలాగో తేల్చినట్టున్నారు, వరస కదిలింది. లోవ కమానుకి ఇటుపక్క ముందుకొచ్చి నిలబడింది. మామూలుగానే వీపు ఇటు ఉంది.

ఎదురు రావలసిన ఉద్యోగిని ప్రభావతి. బిళ్ల మీద ‘ఎదురు ఆపరేటర్, గ్రేడ్ టూ’ అని ఉంది. పొద్దుట్నుంచీ ఆ కమాను కింద అటూ ఇటూ నడిచి నడిచి ఆవిడ మొహమంతా చెమట. నడుస్తూ చెంగుతో నుదురు తుడుచుకుంది. బొట్టుబిళ్ల చెంగుకి అంటుకుపోయింది. కెమెరా చూసింది. ఎర్రదీపం వెలిగింది. సన్నాయికి బదులు బుర్ర గుంయ్యిమనే కూత.

చిత్తరంజన్ గారు వచ్చి, టోపీ తీసి, సానుభూతి ప్రకటించారు.

“మా ఆయనకేం కాలేదండి” అంది ప్రభావతి. “ఇప్పుడే ఫోన్ చేశాడు. వంకాయలు ఎక్కడ పెట్టావని అడిగాడు.”

“ఫోను సంభాషణ సాక్ష్యముగా చెల్లదు. యంత్రము నిర్ధారించినది. తాము ఈ దుఃఖసమయమున మందిరములో విశ్రమించవలెను.”

“దుఃఖం ఏంటండీ, కావాలంటే ఆయన్నే రమ్మంటాను.”

“ఆయన వచ్చినచో ఆయన నుదుటిని కూడా యంత్రము పరిశీలించును. మగవారి నుదుటికి సంబంధించి మార్గదర్శకాలు ఇంకా రూపొందలేదు.”

ప్రభావతి మందిరంలోకొచ్చి పిల్లి పక్కన కూలబడింది. తర్వాతి షిఫ్టు మనిషి భోజనాల వేళ దాటితే గాని రాదంది. ఆవిడ హాల్లోకి అడుగుపెట్టాలన్నా ఎదురొచ్చేవాళ్లు కావాలి కదా అని కూడా అంది. బయట లోవ గడియారం వైపు, గేటు వైపు, అద్దం వైపు చూస్తోంది. అద్దంలోంచి ఏమీ కనబడదని తెలిసి కూడా చూస్తోంది. ఆ చూపు వీరవేణికి తెలుసు. పుచ్చిపన్ను పీకించుకోడానికి వెళ్తూ కూడా వెనక్కి తిరిగి తలుపు సందు వైపు అలాగే చూసింది.

వీరవేణి ప్రభావతి చెంగుకి అంటుకున్న బొట్టుబిళ్ల వైపు చూసింది. కందిగింజంత కూడా లేదు. ఇంతసేపూ అందరికీ దారిచ్చింది ఇదేనన్నమాట. ఆవిడ మొగుడూ కాదు, వంకాయలూ కాదు. యంత్రానికి కావలసింది ఎర్రగా, గుండ్రంగా ఒకటి.

చేతిసంచిలో చెయ్యి పెట్టింది. స్టిక్కరు దొరికింది. వెనక కాయితం ఊడదీసి, నుదుట అంటించుకుంది. రూపాయి బిళ్లకన్నా పెద్దది. కనుబొమల మీదికొచ్చింది.

పురోహితుడు గారు చదివారు. “పగిలే సామాను, మెల్లగా దించండి.” తర్వాత మెల్లగా అన్నారు, “బాగుందమ్మా. నడవండి.”

“ఏదైనా అయితే?” అంది వీరవేణి, ఎవరితో అన్నదీ తెలియకుండా.

“ఏదైనా అయితే చూసుకోడానికి నేనున్నాను కదండీ, ముందు కూర్చుని” అంది కెప్టెన్.

గడియ లేని తలుపు తోసుకుని వీరవేణి హాల్లోకొచ్చి, గోడ వెంబడి కమానుకి అటుపక్కకి తిరిగి వెళ్లింది. అపశకునం కదిలొస్తోందని ఎవరో అరుస్తారనుకుంది. విమానాలన్నీ ఒకేసారి కూలిపోతాయనుకుంది. కింద నేల చల్లగా ఉంది, ఆ సంగతి కూడా తోచింది. కమాను అవతల లోవ నోరు తెరిచి చూస్తోంది. వీరవేణి తిన్నగా నడిచింది.

కెమెరా చూసింది. ఆలోచించింది. అంత పెద్ద బొట్టు దాని అనుభవంలో లేదు. పచ్చదీపం ఒకటి కాదు, ఉన్నవన్నీ వెలిగాయి. సన్నాయితోపాటు ఎప్పుడూ మోగని డోలు కూడా మోగింది. తెరమీద ‘అత్యుత్తమ శుభం’ అని పడింది. గేటు తెరుచుకుంది.

లోవ నవ్వు ఆపుకోబోయి ఏడ్చింది. “అమ్మా, నుదుటి మీద ఏం రాసుందో తెలుసా?”

“తెలుసులే. చదువొచ్చు నాకు.” వీరవేణి కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. బయల్దేరేటప్పుడు ఈ పిల్ల మొహం ఇలా ఉంటుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ముక్కు పక్కన సన్నగా వణుకుతోంది. అచ్చం తండ్రికి వణికినట్టే. “స్వెట్టరు పెట్టిలో పెట్టెయ్యలేదు కదా? చేతిలోనే ఉంచుకో. పెట్టె ఏ దేశం పోద్దో ఏవో.”

“వెళ్లొస్తానమ్మా.”

“వెళ్లిరా.”

లోవ లోపలికెళ్లాక వీరవేణి చిత్తరంజన్ గారి దగ్గరికొచ్చింది. ఆయన్ని నిలబెట్టి అడిగింది.

“ఆ కెప్టెనమ్మ విమానంలో జనం వైపు తిరిగి కూర్చుంటారా, అటు తిరిగి కూర్చుంటారా?”

ఆయన ఆలోచించాడు. “అటు తిరిగియే.”

“మరి ఎదురెలా అవుద్ది బాబూ?”

ఆ కోణం కమిటీ తిరిగిన దేశాల్లో ఎక్కడా తగల్లేదు. చిత్తరంజన్ గారు పైకి ఫోన్ చేశారు. పైవారు తమ పైవారికి చేశారు. చివరికి ఆదేశం వచ్చింది. హాలు దాటునంతవరకు సదరు పైలట్ వెనక్కి నడిచినచో అభ్యంతరము లేదు. కెప్టెన్ సుభాషిణి కాఫీ కప్పు కింద పెట్టి, ఇద్దరు ఉద్యోగులు చెరో చెయ్యీ పట్టుకోగా, వందలమందికి వీపు చూపిస్తూ హాలంతా వెనక్కి నడిచింది. దాటుతూ వీరవేణికి కన్నుగీటింది. నాలుగు బారలు ముందు నిలిపిన విమానం ఆ తర్వాత నిజంగానే వెళ్లింది.

మర్నాడు లోవ ఫోన్ చేసింది. దిగిందట. పెట్టె కూడా వచ్చిందట, ఒక్క సీసా కూడా పగల్లేదట. దిగేటప్పుడు కెప్టెన్ గారు తలుపు దగ్గర అందరికీ ఎదురుగా నిలబడి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టారట.

“అందరూ బానే ఉన్నారా?” అని వీరవేణి అడిగింది.

“బానే ఉన్నారమ్మా. టాక్సీల కోసం కొట్టుకుంటున్నారు.”

వీరవేణికి ఇంకో భయం మిగిలింది. స్టిక్కరు సంగతి బయటపడి పోలీసులొస్తారని. విభాగం వారు వచ్చారు గాని పోలీసుల్లా కాదు, పూలదండతో వచ్చారు. యంత్రం పెట్టిన నాటినుంచి అత్యుత్తమ శుభం వచ్చింది ఆమె ఒక్కదానికేనట. ఉత్తమ ఎదురు పురస్కారం ఇచ్చి, కెమెరాలో పడ్డ ఆమె ఫోటో పెద్దది చేయించారు. ఆ ఫోటోని నిపుణులు నిశితంగా పరిశీలించి, ఫలితానికి కారణం నుదుటి మీది రాతేనని తేల్చారు. ఇప్పుడా విమానాశ్రయంలో ఎదురు ఆపరేటర్లంతా, గ్రేడ్ వన్ నుంచి గ్రేడ్ ఫోర్ దాకా, నుదుట ‘పగిలే సామాను, మెల్లగా దించండి’ అని అంటించుకునే తిరుగుతున్నారు.

ఫోటో ‘వెళ్లొచ్చేవారు’ గుమ్మానికి ఎదురుగా తగిలించారు. వీరవేణి నేటికీ గ్యాసు పొయ్యి కట్టేశాక లేచి మళ్లీ చూస్తోంది. విమానాశ్రయంలో మాత్రం ఆమె మొహానికి ఎదురుగా నడవకుండా ఏ ప్రయాణికుణ్ణీ లోపలికి పోనివ్వడం లేదు.